జాక్ కిల్బీ మహాశయుని జీవిత సంగ్రహము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాయవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరినపుడు నా మనస్సు మొదట కవులవైపే పోయినది. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీఱిక చిక్కినపుడు భారత భాగవతములు తిరుగవేయు నావంటివానికి అది సహజము. కాని కవుల చరిత్రములు వ్రాయుటకు ఈ సంచికలో నాకంటె సమర్థులు పలువురు కలరు. ఇంతలో ఒక చిన్న సంగతి నా దృష్టిని మఱియొక దిక్కునకు త్రిప్పినది. మన సత్యవేడు ప్రాంతపు పల్లెలనుండి ఎందఱో పడుచువాండ్రు బస్సులెక్కి శ్రీసిటీ కర్మాగారములకు పోవుట మీరెఱిగినదే. అచ్చట 2015వ సంవత్సరమున చేతిఫోనులను కూర్చు పని మొదలైనది. ఆ పని చేసి వచ్చిన మా వీధి యమ్మాయి యొకతె, నూకగింజకంటె చిన్నవైన ముక్కలను యంత్రము పలకమీద వరుసగా పెట్టుచుండునని, వానిని భూతద్దముతో చూడవలసి వచ్చునని చెప్పినది. అవి యేమి వస్తువులని అడిగితిని. రెసిస్టర్లు, కెపాసిటర్లు అని పేర్లు చెప్పినదే కాని, అవి యేమి చేయునో తనకెవరును చెప్పలేదన్నది. నాకును తెలియదు. తెలిసికొనవలెనని పుస్తకములు వెదకగా జాక్ కిల్బీ యను అమెరికా దేశస్థుని చరిత్రము దొరకినది. ఆయన యౌవనమున మన దేశమునందే రేడియోలు బాగుచేయుచు కొంతకాలము గడపినాడని చదివిన పిమ్మట, ఇతనిని గూర్చియే వ్రాయవలెనని నిశ్చయించితిని.

చరిత్రములోనికి పోవుటకు ముందు ఒకటి చెప్పవలెను. చేతిఫోను నిజమునకు రేడియోయే. ఆకాశవాణి వినిపించు పెట్టె సంకేతమును పట్టుట మాత్రమే ఎఱుగును. ఇది పట్టును, పంపును గూడ. ఇట్టి ఉభయముఖ రేడియోలో ఏమేమి యుండునో మన పొలము భాషలో చెప్పుకొందము. విద్యుత్తును నీరనుకొనుడు. కాలువను ఇఱుకుచేసి నీటిని తగ్గించు మడవవంటిది రెసిస్టరు. కపిల బాననుండి పడిన నీటిని ఒకింత నిలిపి మరల విడుచు తొట్టివంటిది కెపాసిటరు. పాత రేడియో మేస్త్రీలు దీనినే కండెన్సరు అనెడివారు. జోరుగా పాఱు నీరు అడ్డువేసినంతనే ఆగనట్లు, ప్రవాహమును ఉన్న తీరుననే సాగింపజూచునది తీగచుట్ట, అనగా కాయిల్. ఈ మూడును తమంత బలమును చేకూర్పజాలవు గనుక శాస్త్రజ్ఞులు వీనిని నిష్క్రియములని పిలిచిరి. బలహీనమైన సంకేతమును బలపఱచు పని పూర్వము వాల్వుది, తరువాత ట్రాన్సిస్టరుది. అందుచేత పేరు వానికి వచ్చినది, చాకిరి వీనికి మిగిలినది. అయినను తీగచుట్టయు కెపాసిటరును ఒకదానితో నొకటి తూగినగాని, ఆకాశమున నిండియున్న వేయి సంకేతములలో మనకు కావలసినది ఏర్పడి వినబడదు.

జాక్ సెయింట్ క్లెయిర్ కిల్బీ 1923వ సంవత్సరము నవంబరు 8వ తేదీన మిస్సోరీ రాష్ట్రమునందలి జెఫర్‌సన్ సిటీలో జన్మించెను. పెరిగినది కాన్సాస్ రాష్ట్రములోని గ్రేట్ బెండ్ అను చిన్న పట్టణము. అది గోధుమపైరుల సీమ. కంటికానినంత మేర చదును నేల. తండ్రి ఒక చిన్న విద్యుచ్ఛక్తి సంస్థను నడుపుచుండెను. ఆ సంస్థ వాడుకదార్లు దూరదూరముల పల్లెలలో చెదరియుండిరి. జాక్ ఉన్నత పాఠశాలలో చదువుచుండగా ఒక చలికాలమున మంచుతుపాను వచ్చి విద్యుత్ స్తంభములను, టెలిఫోను స్తంభములను నేలగూల్చినది. ఏ యూరిలో దీపములారినవో, ఎవరికేమి యాపద వచ్చినదో తెలియు దారి లేకపోయెను. అప్పుడు తండ్రి, వినోదమునకై యిండ్లలో రేడియో యంత్రములు పెట్టుకొని దూరప్రాంతములవారితో మాటలాడు ఔత్సాహికుల సాయము కోరెను. వారి పెట్టెలద్వారా వార్తలు వచ్చినవి, పోయినవి. మన సముద్రతీరమున గాలివానలు వచ్చినప్పుడెల్ల ఇట్టి ఔత్సాహికులే ఆదుకొనుట మనమును విన్నదే. తెగిన తీగెలమీదుగా గాలిలో మాట నడచుట ఆ బాలుని మనస్సున నాటుకొన్నది. తరువాత తానును ఔత్సాహిక రేడియో అనుమతి సంపాదించి, చేతనైన విడిభాగములతో యంత్రము కట్టుకొనెను.

విద్యుత్ ఇంజనీరు కావలెనను కోరికతో, ఆ దేశమున మిక్కిలి పేరుగన్న మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చేరదలచి ప్రవేశ పరీక్షకు కూర్చుండెను. కావలసిన మార్కులు 500. వచ్చినవి 497. మూడు మార్కుల తేడాతో తలుపు మూసికొన్నది. మార్కుల పట్టికలు గోడకంటించు దినమున మన యిండ్లలో జరుగు రోదనములను చూచినవారు ఈ మూడు మార్కుల బరువెంతటిదో ఊహింపగలరు. తరువాత ఆయన తన తల్లిదండ్రులు చదివిన ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయమునందే చేరెను. ఇది 1941వ సంవత్సరపు మాట. ఆ డిసెంబరులోనే పర్ల్ హార్బరుపై బాంబులు పడినవి. అమెరికా యుద్ధమున దిగినది. కొంతకాలమునకు కిల్బీయును చదువాపి సైన్యమున చేరవలసివచ్చినది.

ఆయనను పంపిన చోటు మన ఈశాన్య భారతము. ఒక తేయాకు తోటలో నెలకొల్పిన సైనిక స్థావరమున రేడియోలు బాగుచేయు పని అప్పగింపబడెను. బర్మా అడవులలో జపాను సేనల వెనుక తిరుగుచు పోరాడు దళములకు రేడియో తప్ప వేఱు దిక్కు లేదు. ఆహారము కావలెనన్నను, శత్రువు జాడ తెలుపవలెనన్నను, గాయపడినవారికి మందు కావలెనన్నను దానితోనే పిలువవలెను. కాని సైన్యము ఇచ్చిన పెట్టె బరువు సుమారు అఱువది పౌనులు, అనగా ఇరువదియేడు కిలోల పైమాట. వరిబస్తాలో సగము అనవచ్చును. దానిని వీపున మోసికొని వర్షాకాలమున కొండలెక్కుట యెంతటి పనియో ఎఱుగుటకు శాస్త్రము చదువనక్కఱలేదు. అందుచేత ఆ తోటలోని పనివారు తామే తేలికయైన పెట్టెలు కట్టబూనిరి. సర్కారు కొట్టులో కావలసిన భాగములు లేవు. కిల్బీ లారీమీద కలకత్తా పోయి, అచ్చటి చీకటి బజారులో దొరకినన్ని రేడియో భాగములు కొనితెచ్చెను. చిన్న కెపాసిటరు, పొట్టి రెసిస్టరు, సన్నని తీగచుట్ట అని యేఱుకొని, పెట్టె కొలతను తగ్గించుచు పోయిరి. ఒక్కొక్క భాగము తగ్గినకొలది ఒక మనిషి వీపుమీది బరువు తగ్గుచుండెను. ఇరువది యేండ్ల ప్రాయమున నేర్చిన ఈ పాఠమునకును ఆయన తరువాత చేసిన పనికిని సంబంధము కలదని నా నమ్మకము.

యుద్ధము ముగిసినది. ఆయన తిరిగి పోయి చదువు పూర్తిచేసి 1947లో పట్టభద్రుడయ్యెను. మిల్వాకీ నగరమున సెంట్రలాబ్ అను సంస్థలో ఉద్యోగమున కుదిరెను. ఈ సంస్థ గొప్పది కాదు కాని, యుద్ధకాలమున అది ఒక వింత పని చేసియుండెను. ఫిరంగి గుండు గుఱికి తగిలినప్పుడు కాక, గుఱికి దగ్గఱగా పోయినప్పుడే పగులవలెనని అమెరికావారు గుండు ముక్కులో ఒక చిన్న రేడియోను అమర్చిరి. అది అలలను పంపుచు, ఎదుటి వస్తువునుండి మరలివచ్చు అలలను పట్టుచు, దూరము తగ్గినట్లు తెలిసినంతనే గుండును పేల్చును. ఫిరంగిలోనుండి వెలువడునప్పటి ఆ భయంకరమైన కుదుపునకు టంకము పెట్టిన తీగలు నిలుచునా? మోర్టారు గుండ్లకు మఱింత చిన్న పరికరము కావలసి వచ్చినప్పుడు సెంట్రలాబ్‌వారు ఒక ఉపాయము పన్నిరి. చిన్న పింగాణీ పలకను తీసికొని, మన అద్దకమువారు బట్టమీద పూలు అచ్చు వేయునట్లు, జాలిపట్టు గుండ వెండి సిరాతో తీగలను, బొగ్గు సిరాతో రెసిస్టర్లను ముద్రించి కొలిమిలో కాల్చిరి. పలకయు రెసిస్టరును ఏకమైనవి. విడిగా పెట్టవలసిన ముక్క లేదు, ఊడిపోవు కాలు లేదు.

కిల్బీ చేరునాటికి ఈ విద్య యుద్ధరంగమునుండి ఇంటి సామగ్రికి దిగివచ్చియుండెను. రేడియోలకు, టెలివిజన్లకు, చెవిటివారి వినికిడి యంత్రములకు కావలసిన పలకలను అచ్చట లక్షలకొలది ముద్రించుచుండిరి. అది శాస్త్రజ్ఞుల ఆశ్రమము కాదు. కాసు కాసు లెక్కచూచు కార్ఖానా. ముద్రించిన రెసిస్టరు కొలత సరిగా రాదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. అందుచేత కావలసినదానికంటె తక్కువ నిరోధము వచ్చునట్లు ముద్రించి, పిదప అంచు గీకి, ఇఱుకు చేసి, సరియైన కొలతకు తెచ్చెడివారు. ఇట్టి చిన్న చిన్న చిక్కులను విప్పుటలో కిల్బీ పదునొకండేండ్లు గడపెను. పగలు ఉద్యోగము, సాయంకాలము చదువు. 1950లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునుండి పై పట్టము పొందెను. 1948లో బార్బరా అను నామెను వివాహమాడెను. వారికి ఇద్దఱు కుమార్తెలు. ట్రాన్సిస్టరు అను క్రొత్త వస్తువును కనిపెట్టిన బెల్ ప్రయోగశాలవారు 1952లో తమ విద్యను ఇతరులకు నేర్ప బూనినపుడు, సెంట్రలాబ్ రుసుము చెల్లించి కిల్బీని అచ్చటికి పంపెను. మరలివచ్చి, పింగాణీ పలకమీద ముద్రించిన రెసిస్టర్ల ప్రక్కన ట్రాన్సిస్టర్లను కూర్చి వినికిడి యంత్రములకు పనికివచ్చు పరికరములు చేసెను.

వాల్వు పోయి ట్రాన్సిస్టరు వచ్చుటతో రేడియో కష్టములు తీరినవని లోకమనుకొన్నది. తీరలేదు. ట్రాన్సిస్టరు కందిగింజంత చేయవచ్చును. కాని దాని చుట్టును డజనుకొలది రెసిస్టర్లు, కెపాసిటర్లు కావలెను. ఒక్కొక్కదానికి రెండేసి కాళ్లు. ఒక్కొక్క కాలికి టంకము. యంత్రము పెద్దదైనకొలది అతుకులు వేలు, పదివేలు, లక్షలగును. ఇవి యన్నియు చేతితో పెట్టవలసినవి. వేయికాళ్ల జెఱ్ఱికి ఒక కాలు విఱిగిన నేమి యని మనము సామెతగా చెప్పుకొందుము. ఈ యంత్రముల జాతి అట్టిది కాదు; వేయి కాళ్లలో ఒక్కటి విఱిగినను జెఱ్ఱి చచ్చును. నా చిన్నతనమున పంచాయతీ రేడియో యొకటి ఉండెడిది. సాయంకాలము రైతుల కార్యక్రమమునకు జనము గుమిగూడగానే అది మూగవోయెడిది. పెద్దవారెవరో ప్రక్కన గట్టిగా చఱచెడివారు. రెండు మాటలు పలికి మరల మూగయగును. కడకు ఒక మేస్త్రీ వచ్చి విప్పి చూడగా, పురుగంత రెసిస్టరుకు ఒక కాలి యతుకు వదలియున్నది. ఆ యేడు వర్షపు సూచనలు సగము దెబ్బలతోనే వింటిమి.

1958వ సంవత్సరము మే నెలలో కిల్బీ డల్లాస్ నగరమునందలి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో చేరెను. అప్పుడు ఆ దేశపు సైనిక సమాచార శాఖవారు అతుకుల బాధకు తమదైన యొక మందు కనిపెట్టియుండిరి. రెసిస్టరు కానిండు, కెపాసిటరు కానిండు, ట్రాన్సిస్టరు కానిండు, ప్రతి భాగమును ఒకే కొలత గల చిన్న చదరపు బిళ్లమీద చేయవలెను. బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి అంచులలో తీగలు కట్టవలెను. దీనికి మైక్రోమాడ్యూల్ అని పేరు. కిల్బీకి ఈ పద్ధతి నచ్చలేదు. ముక్కలు పొందికగా పేర్చినంత మాత్రమున ముక్కలు తగ్గవు. ముక్కలు తగ్గక అతుకులు తగ్గవు. ఆయన బిళ్లలకు బదులు గొట్టముల ఆకారమున భాగములను చేసి, రేడియోలో వచ్చిన సంకేతమును నడిమి దశలో బలపఱచు భాగమును ఒకదానిని కట్టి చూచెను. అది పనిచేసెను. కాని సంస్థవారు ఖర్చు వేసి చూచిరి. సరుకు, కూలి, పరీక్ష, పాడైనవాని నష్టము అన్నియు పద్దులలో ఎక్కినవి. మొత్తము తేలినది: గిట్టుబాటు కాదు.

నేను ఈ ఘట్టమును పలుమాఱు చదివితిని. మహావిషయములు ధ్యానమునందో స్వప్నమునందో తోచునని పుస్తకములలో చదువుచుందుము. ఈయనకు దారి చూపినది ఒక ఖర్చుల పట్టిక. ఆ పట్టికను ఎదుట పెట్టుకొని ఆయన ఆలోచించిన తీరిది. మన సంస్థ ట్రాన్సిస్టర్లు చేయు సంస్థ. రెసిస్టర్లను, కెపాసిటర్లను ఇతరులు మనకంటె చౌకగా చేయుదురు. మనము లాభముతో చేయగలిగినది ఒక్కటే: జర్మేనియము, సిలికాను అను ఆ ఖనిజపు పలుకు. అట్లైనచో రెసిస్టరును గూడ ఆ పలుకుతోనే చేసినచో నేమి? కెపాసిటరును గూడ దానితోనే చేసినచో నేమి?

అది జూలై మాసము. సంస్థలో అందఱికి ఒకేసారి రెండు వారముల సెలవు ఇచ్చు ఆచారము కలదు. కిల్బీ క్రొత్తవాడు, సెలవు నిల్వలేదు. ఖాళీయైన ప్రయోగశాలలో దాదాపు ఒంటరిగా కూర్చుండెను. సెలవు ముగిసి అందఱు వచ్చునప్పటికి తనకేదైన నచ్చిన యుపాయము లేనిచో మైక్రోమాడ్యూల్ పనిలోనే పెట్టుదురను భయము. 1958 జూలై 24వ తేదీన తన పని పుస్తకములో అయిదు పుటలు నింపెను. సారాంశమిది: రెసిస్టరు, కెపాసిటరు, ట్రాన్సిస్టరు అన్నియు ఒకే పదార్థముతో చేయదగును, ఒకే పదార్థమైనచో ఒకే పలుకులో, ఉన్నచోటనే, ఒకదాని ప్రక్క నొకటిగా మలచవచ్చును, అప్పుడు వానిని వేఱువేఱుగా తెచ్చి అతుకవలసిన పని యుండదు.

వినుటకిది సులభముగా నున్నది. కాని ఆ కాలపు ఇంజనీరు దీనిని విని నవ్వియుండును. బొగ్గు రెసిస్టరు ఒక పైస వస్తువు. శుద్ధిచేసిన జర్మేనియము వెండివలె వెలగలది. చెక్కమేకు చాలినచోట వెండిమేకు కొట్టువానిని వివేకి యందుమా? పైగా ఆ వెండిమేకు చెక్కమేకంత మేలైనదియు కాదు. జర్మేనియముతో చేసిన రెసిస్టరు బొగ్గుదానికంటె హీనము, కెపాసిటరు విడిగా చేసినదానికంటె అల్పము. అయినను లెక్కలు వ్రాయువానికి దీని మర్మము బోధపడును. మేకు వెల మాత్రమే వ్రాసి, మేకు కొట్టు వడ్రంగి కూలి, కొట్టిన మేకు ఊడినచో కూలిన పందిరి నష్టము వ్రాయనిచో ఆ పద్దు తప్పుపద్దు. కిల్బీ పద్దు మొత్తమును చూచెను.

ఆయన పై అధికారి విలిస్ ఆడ్‌కాక్ అను నతడు. ఆయనకు ఆసక్తి కలిగినను నమ్మకము చాలలేదు. సిలికానుతో చేసిన రెసిస్టర్లు, కెపాసిటర్లు అసలు పనిచేయునా యని మొదట విడివిడిగా చూపుమని కోరెను. కిల్బీ సిలికాను కడ్డీలను కోసి రెసిస్టర్లు చేసెను. ఆ పదార్థములో రెండు జాతుల పొరలు కలియు సంధిలో కొంత విద్యుత్తు నిలువయుండును గనుక ఆ సంధినే కెపాసిటరుగా వాడెను. ఆగస్టు 28న ఆ విడిముక్కలతో కట్టిన పరికరము పనిచేసినది. ఇక ఒకే పలుకులో చేయుట మిగిలినది. చేతికి సిద్ధముగా నున్న జర్మేనియము పలుకునొకదానిని తీసికొనిరి. నిడివి సుమారు 11 మిల్లీమీటర్లు, వెడల్పు మిల్లీమీటరున్నర పైమాట. దానిని గాజుపలకపై అంటించి, భాగములను బంగారపు సన్నతీగలతో కలిపిరి. చూచుటకది అందమైన వస్తువు కాదు. తీగలు పైకి లేచి కాకిగూడువలె నుండెను. 1958 సెప్టెంబరు 12వ తేదీన సంస్థ పెద్దలు చుట్టును నిలిచియుండగా ఆ ఆజానుబాహువు, ఆఱడుగుల ఆఱంగుళముల మనిషి, వంగి మీట వేసెను. తెరపై అల లేచినది. ఆ పలుకు తనంత తానే విద్యుత్తరంగమును పుట్టించినది. రేడియోలో సంకేతమును పుట్టించు భాగమునకు ఆసిలేటరు అని పేరు. మొట్టమొదటి పలుకు ఆ జాతిదే.

అష్టసిద్ధులలో మొదటిది అణిమ. ఆంజనేయుడు లంకలో ప్రవేశించునప్పుడు దేహమును తగ్గించుకొనెనే కాని బలమును విడిచిపెట్టలేదు. ఆ కథను చదివినప్పుడెల్ల ఇకమీద నాకు ఈ జర్మేనియము పలుకు గూడ జ్ఞప్తికి వచ్చును.

అయినను లోకము వెంటనే చేతులు జోడింపలేదు. 1959 మార్చిలో న్యూయార్కున జరిగిన ప్రదర్శనలో దీనిని ప్రకటించినప్పుడు పండితులు మూడు ఆక్షేపణలు చేసిరి. మంచి రెసిస్టరుకు మంచి లోహము, మంచి కెపాసిటరుకు మంచి పొర యుండగా ఈ ఖనిజముతో చేయుట అవివేకమని యొకటి. ట్రాన్సిస్టర్లలోనే సగము పాడగుచుండగా, పదింటిని ఒక్క పలుకులో చేసినచో మంచిది ఒక్కటియు మిగులదని రెండవది. ఇక రేడియో నక్షాలు గీయు ఇంజనీర్లకు పనియే యుండదని మూడవది. మొదటి రెండును ఆనాటికి సత్యములే. మూడవదానిని గూర్చి చెప్పనేల. క్రొత్త పనిముట్టు వచ్చినప్పుడెల్ల పుట్టు భయమది.

కిల్బీ పనిలో ఒక లోపము నిజముగా కలదు. భాగములన్నియు ఒక పలుకులో నిమిడినవి కాని వానిని కలుపు బంగారపు తీగలను ఇంకను చేతితోనే పెట్టవలెను. ఆ లోపమును తీర్చినవాడు కాలిఫోర్నియాలోని ఫెయిర్‌చైల్డ్ సంస్థకు చెందిన రాబర్ట్ నాయిస్. ఆయన 1959లో సిలికానుపై నుండు తుప్పు పొరనే కవచముగా చేసికొని, దానిమీద లోహపు గీతలను పూతవలె పఱచి తీగలను తొలగించెను. ఎవరు కర్త యను వివాదము న్యాయస్థానములలో పదియేండ్లు నడచినది. 1969లో తీర్పు నాయిస్ పక్షమున వచ్చినది. అప్పటికే రెండు సంస్థలును రాజీపడి ఒకరి హక్కును ఒకరు మన్నించియుండినవి. చదువుకొన్న లోకము ఇద్దఱిని కర్తలుగా నెంచుచున్నది. గట్టు తగాదాలో రెండు తరములు గడపినవారిని నేను దస్తరములలో చూచితిని. ఈ యిద్దఱు మాత్రము ఒకరి నొకరు గౌరవించుకొనిరి.

మొదట ఈ పలుకుల వెల మిక్కుటము. సైన్యము, అంతరిక్షయాన సంస్థ తప్ప కొనువారు లేరు. సామాన్యునకు ఉపయోగము చూపవలెనని సంస్థ యజమానులు కిల్బీకి చేతిలో నిముడు లెక్కల యంత్రమును చేయు పని నప్పగించిరి. ఆయన మఱి యిద్దఱితో కలిసి 1967 నాటికి దానిని సిద్ధపఱచెను. కూడికలతో బ్రతుకువాడను గనుక ఈ యంత్రమునకు నేను ప్రత్యేకముగా నమస్కరింపవలెను. అది రాకముందు జమాబందీ వేళ మా పెద్దలు రాత్రులు దీపము క్రింద వ్రేళ్లు మడచుచుండిరి.

మన దేశమునకు ఈ విద్య ఎట్లు వచ్చినదని చదువరులు అడుగవచ్చును. 1962 నాటి చైనా యుద్ధమున మన సైనికుల సమాచార సాధనములు చాలవని తేలిన పిమ్మట, 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఎలెక్ట్రానిక్సు సంఘము ఏర్పడినది. అందులో ఇద్దఱు తెలుగువారు: సూరి భగవంతము, అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున 1914లో పుట్టిన సాంబశివరావుగారే 1967లో హైదరాబాదున ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను స్థాపించి నడపిరి. వారు 2003లో గతించిరి. వారి జీవితము వేఱుగా వ్రాయదగినది.

కిల్బీ తలచినదంతయు నెఱవేఱినదా? లెక్కించు యంత్రములలో నెఱవేఱినది. రేడియోలో మాత్రము కొంత మిగిలిపోయినది. రెసిస్టరును, చిన్న కెపాసిటరును పలుకులో మలచవచ్చును. తీగచుట్ట అంత సులభముగా లొంగలేదు. చుట్టకు స్థలము కావలెను. పలుకులో స్థలమే వెల. చాలకాలము తీగచుట్టలను బయటనే యుంచి, తరువాత ముగ్గులోని మెలికవలె లోహమును చుట్లుగా పఱచి పలుకుమీదనే చేయ నేర్చిరి. అట్టివి కొంతవఱకే పనికివచ్చినవి. పెద్ద కెపాసిటర్లు బయటనే నిలిచినవి. వానిని గూడ పింగాణీ పొరలు వందలకొలది పేర్చి నూకగింజకంటె చిన్నవిగా చేయుచున్నారు. ఒక మంచి చేతిఫోనులో ఇట్టివి సుమారు వేయి యుండును. కొన్నింటిని పింగాణీ పలకల పొరలలోనే పూడ్చి ఒక్క బిళ్లగా కాల్చుదురు. సెంట్రలాబ్‌లో జాలిపట్టుతో అచ్చువేసిన విద్యయే అది, వేఱు రూపమున. మా వీధి యమ్మాయి శ్రీసిటీలో భూతద్దముతో చూచినవి ఈ ముక్కలే.

1970లో కిల్బీ సంస్థనుండి సెలవు పుచ్చుకొని స్వతంత్రముగా పరిశోధనలు చేసికొనెను. కొన్నేండ్లు టెక్సాస్ విశ్వవిద్యాలయములలో ఒకటియగు ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండెను. ఆయన పేర అఱువదికి పైగా హక్కుపత్రములు కలవు. మితభాషి, సభలలో గొప్పలు చెప్పుకొనుట ఎఱుగడు. మూడు మార్కులకు తలుపు మూసిన విద్యాలయమును ఎక్కడను నిందించినట్లు నేను చదువలేదు. 2000వ సంవత్సరమున, అనగా మన గ్రంథాలయము పుట్టిన దినములలోనే, ఆయనకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానములో సగము లభించినది. పలుకు కనిపెట్టి అప్పటికి నలువది రెండేండ్లు. నాయిస్ 1990లోనే మరణించియుండుటచే ఆయనకు పాలు దక్కలేదు. కిల్బీ తన బహుమాన ప్రసంగమున నాయిస్‌ను స్మరించెను.

2005 జూన్ 20వ తేదీన డల్లాస్ నగరమున, ఎనుబది రెండవయేట, కాన్సరు వ్యాధితో జాక్ కిల్బీ కన్నుమూసెను.